మరకలేని గుడ్డలు

ఎవరేమడిగినా చాటలో బియ్యం చెరుగుతూనే జవాబు చెప్పడం తత్త్వాల గురువమ్మ బంగారమ్మకి అలవాటు. ఆ వేళ మాత్రం చాట కింద పెట్టింది.

అడిగింది శిష్యురాలు పైడమ్మ. కడుపు పండకుండానే ముప్పై మూడేళ్ళకి ఆమెకి ముట్లుడిగిపోయాయి. "ఇది తల్లి రక్తంలోంచి కూతుళ్ళకి రావచ్చు. చెల్లెలుంటే, బిడ్డల విషయం వాయిదా వెయ్యొద్దని చెప్పు" అంది పెద్దాసుపత్రి డాక్టరమ్మ. చెల్లెలు గౌరీశ్వరికి పెళ్ళై ఏడాది. టీచరు ఉద్యోగం వచ్చేదాకా పిల్లలొద్దంటోంది.

"చెబితే దాని అత్త చెవిన పడకుండా ఉంటుందా గురువమ్మా? గొడ్రాళ్ళ వంశమని గెంటేస్తుంది. చెప్పకపోతే అదీ నాలాగే మిగులుతుందేమో. చెప్పనా, మాననా?"

బంగారమ్మ చాటలో బియ్యం వైపు చూస్తూ చెప్పింది.

"ఇరవై ఏళ్ళు దాటింది. కాలవ రేవులో ఒకామె ముట్టుగుడ్డలు ఉతుకుతోంది. నలుగురికీ వినబడేట్టు రాయికేసి ఒకటే బాదుడు. పక్కకెళ్ళి చూస్తే ఒక్క గుడ్డకీ మరక లేదు. ముప్పై రెండేళ్ళకే ఆగిపోయిందట. కొడుకు పుట్టలేదని మారుపెళ్ళికి కాచుక్కూర్చున్న అత్తకి తెలియకూడదని, నెలకి మూడు రోజులు ఉత్తినే పశువులపాకలో కూర్చునేది. వానొచ్చినా అంతే. 'మా అమ్మకీ ఇలాగే ఆగింది. నాకిద్దరు ఆడపిల్లలు. పెద్దయ్యాక చెప్పనా?' అనడిగింది నన్ను. 'ఇలాంటివి కూతుళ్ళకి చెప్పుకుంటారటే, సిగ్గులేదూ' అన్నాను."

పైడమ్మకి కళ్ళముందు తమ పశువులపాక కనబడింది. గడ్డిమోపు పక్కన ముడుచుక్కూర్చున్న అమ్మ కనబడింది. పదేళ్ళ పిల్లగా తను కర్రతో అన్నం పళ్ళెం దూరంనుంచి తోసేది. ఒకసారి జ్వరమొచ్చి, ఒళ్ళో పడుకుంటానని ఏడిస్తే, "మూడో రోజు దాకా ఆగమ్మా, మైల" అని అమ్మ మొహం అటు తిప్పుకుంది.

"అయితే ముట్టుకోవచ్చునన్నమాట" అంది పైడమ్మ. "అన్ని రోజులూ మా అమ్మని ముట్టుకోవచ్చు."

బంగారమ్మ తలూపింది.

"తొమ్మిదేళ్ళయింది అమ్మ పోయి. పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి మానేసింది. మీరన్న మాటకేనా?"

"నా మాటకే. చచ్చేదాకా గురువు మాట జవదాటలేదు మీ అమ్మ" అని బంగారమ్మ మళ్ళీ చాట అందుకుంది గాని, చెరగలేకపోయింది. "నువ్వు అంత మంచి శిష్యురాలివి కాకు."