రాజుగారు ఎంచిన చెకుముకి రాయి

ఒకానొక కాలంలో మణిగిరి రాజ్యాన్ని ధవళకీర్తి అనే రాజు ఏలేవాడు. ఆయన మెచ్చిందే గొప్ప. కాదన్నవాడికి కొలువులో చోటు ఉండేది కాదు.

ఆయన కొత్త వంటశాల కట్టించి, తొలి పొయ్యికి తాను ఎంచిన చెకుముకి రాయితోనే నిప్పు పుట్టాలన్నాడు. ఏటి ఒడ్డున ఏరిన ఆ రాయిని ఆస్థాన శిల్పులు నెల రోజులు సానపట్టి కోడిగుడ్డులా నున్నగా చేశారు. కొలువులో ఆహా అననివాడు లేడు.

తీరా ముహూర్తానికి, పొయ్యి రాజేసే కొండమ్మ ఉక్కు ముక్కతో ఎంత కొట్టినా రాయి జారిందే గాని ఒక్క రవ్వ రాలలేదు. విందుకు వచ్చిన పొరుగు రాజులు విస్తళ్ల ముందు కూర్చుని చూస్తున్నారు. రాజు ముఖం కందగడ్డయింది. ముహూర్తం దాటేలోగా నిప్పు పుట్టకపోతే వంటశాలలోని పన్నెండుమంది ఆడవాళ్లూ రాజ్యం విడిచి పోవాలన్నాడు.

పుట్టి బుద్ధెరిగి కొండమ్మ మరో ఊరు ఎరగదు. తప్పు రాయిదంటే రాజును తప్పుపట్టినట్టే. అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె పరిస్థితి. కాసేపు రాయిని తిప్పి చూసి చేతులు జోడించింది.

“ఈ రాయితోనే నిప్పు పుట్టిస్తాను ప్రభూ. పని పూర్తయ్యేదాకా నన్నెవరూ ఆపకూడదు. అలాగని ఏలినవారు మాటివ్వాలి.”

అతిథుల ఎదుట రాజు మాటిచ్చాడు.

కొండమ్మ రాయిని సన్నికల్లు మీద పెట్టి పొత్రంతో ఒక్క దెబ్బ వేసింది. రాయి మూడు ముక్కలైంది.

మంత్రి చేతిలోని తాంబూలపు పళ్లెం జారి పడింది. భటులు కత్తులు దూశారు. ఇచ్చిన మాట గుర్తొచ్చి రాజే చెయ్యెత్తి వాళ్లను ఆపాడు.

కొండమ్మ ఒక ముక్క ఏరి, దాని వాడి అంచు మీద ఉక్కును గీసింది. రవ్వలు రాలాయి. దూది అంటుకుంది. పొయ్యి మండింది.

“తమరు ఎంచిన రాయి మేలైనదే. కాని చెకుముకికి వాడి అంచు ఉండాలి ప్రభూ. శిల్పులు దాన్ని అరగదీశారు.”

రాజు ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. “నెల రోజుల్లో ఒక్కడూ ఆ సంగతి నాకు చెప్పలేదేం?”

“కొలువులోనూ అంచులున్నవాళ్లను తమరు ఉంచుకోలేదు కదా.”

రాజుకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. మంత్రి కళ్లు మూసుకున్నాడు. ఎరక్కపోయి నోరు జారానని కొండమ్మ నాలుక కరుచుకుంది. రాజు తన కొలువువాళ్ల ముఖాలను వరసగా చూశాడు, చూసి పగలబడి నవ్వాడు. మెడలోని హారం తీసి ఆమె చేతిలో పెట్టి, రేపటి నుంచి కొలువులో కూర్చోమన్నాడు.

“వద్దు ప్రభూ,” అంది కొండమ్మ. “నెల తిరిగేసరికి నన్నూ సానపడతారు.”

ఈసారి పొరుగు రాజులు కూడా నవ్వారు. కొండమ్మ హారం కొంగున ముడేసుకుని ఎసరు పెట్టడానికి వెళ్లింది.