చాప నూకాలుది

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు మాట. ఊఁ కొడితేనే చెబుతా. కునికిపాట్లు పడేవాళ్ళకి నేను చెప్పను.

ఏటి ఒడ్డున ఒక చదువుల మఠం ఉండేది. అందులో చేరినవాళ్ళకి తిండీ బట్టా రాజుగారివే. ఊరి చివర నూకాలని ఒకామె తుంగ చాపలు అల్లేది. మఠంలో పరిచినవన్నీ ఆమె చేతి చాపలే. ఆమెకి పైడి అని ఒక్కతే కూతురు. తల్లి చాపలు దింపేలోగా ఆ పిల్ల కిటికీ కింద నిలబడి విన్న పాఠమంతా ఒప్పజెప్పేసేది. నా కూతురు లోపల కూర్చుని చదవాల్సిందేనని నూకాలు పట్టు పట్టింది.

మొదటిసారి వెళ్ళి అడిగింది. మీ ఇంటావంటా చదువు లేదు, ఇదేం చదువుతుందన్నాడు పెద్ద పంతులు. నూకాలు తిరిగొచ్చి చాప అల్లుకుంది.

రెండోసారి వెళ్ళి అడిగింది. పరీక్షలో నెగ్గితే చూద్దామన్నాడు. పైడి అందరికంటే బాగా నెగ్గింది. నెగ్గితే మాత్రం రాజుగారి అన్నం మీబోటివాళ్ళకి పెడతామా అన్నాడు. చూశారా ఆ పెద్దమనిషి వరస! నూకాలు తిరిగొచ్చి చాప అల్లుకుంది.

మూడోసారి వెళ్ళి అడిగింది. చోటు లేదన్నాడు. అదిగో, చివర చాప ఖాళీగానే ఉందిగా అంది నూకాలు.

"మీ పిల్ల కూర్చున్న చాప మీద మా పిల్లలు కూర్చోరు" అన్నాడు పంతులు.

నూకాలుకి ఒళ్ళు మండిపోయింది. చాపలల్లే ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉంది. చాప అల్లడం అయ్యాక ఇంటి బిడ్డని దాని మీద కూర్చోబెట్టి, నోట్లో బెల్లం ముక్క పెట్టి, ఆ తర్వాతే అమ్ముతారు.

"అయితే లేవండి" అంది నూకాలు. "ఇక్కడున్న ప్రతి చాప మీదా మొదట కూర్చున్నది నా పైడే."

పిల్లలు లేచారు. పంతుళ్ళు లేచారు. చాపలన్నీ ఏట్లో పారేయించి, కొత్తవాటి కోసం ఊరూరికీ మనుషుల్ని పంపారు. ఎక్కడికెళ్ళినా అదే ఆనవాయితీ. మా బిడ్డ కూర్చోకుండా చాప గడప దాటదని అందరూ తెగేసి చెప్పారు. చలికాలం, రాతి నేల. పిల్లలు గడగడ వణికారు. ఆఖరికి వాళ్ళే పంతులు మీద తిరగబడ్డారు, పైడి వచ్చి కూర్చుంటే మాకేం పోయిందని.

పంతులు నూకాలు గుమ్మానికి నడిచొచ్చాడు. ముందు నా బిడ్డ, అదీ ముందు వరసలో, ఆ తర్వాతే చాపలు అంది నూకాలు.

పైడి ముందు వరసలో కూర్చుంది. రాజుగారి అన్నమే తింది. పెద్దయ్యాక అక్కడే పాఠాలు చెప్పింది. నూకాలు మాత్రం ఒక్క అక్షరమైనా నేర్వకుండానే పోయింది, పాపం ఆ తల్లి.

ఇప్పటికీ మా వైపు బడి తెరిచిన రోజున ముందు వరసలో ఒక కొత్త చాప పరుస్తారు. ఎన్నడూ బడి ఎరగని ఇంటి బిడ్డని పిలిచి దాని మీద కూర్చోబెట్టి, నోట్లో బెల్లం ముక్క పెడతారు. ఆ బిడ్డ కూర్చునేదాకా మిగతావాళ్ళు నిలబడాల్సిందే, ఎంత గొప్పింటివాళ్ళైనా సరే. ఎవరైనా పెద్దమనిషి చోటు లేదన్నాడనుకోండి, మావాళ్ళు బతిమాలరు.

"అయితే లే. చాప నూకాలుది" అంటారు.