కాడిలో తల దూర్చిన నక్క

కొండ దిగువన ప్రార్థన మందిరం, దాని వెనకాల ఒక కొట్టం. అందులో రెండెడ్లు. మైలన్న ముసలివాడు, పుల్లడు కొత్త కోడె. పుల్లడికి పని కంటే కలలెక్కువ. ఆకాశంలో కొంగలు బారుగా ఎగిరితే చాలు, కాడి కింద ఉన్న సంగతే మరిచి వాటి వెంట నడిచేవాడు. బండి రెండుసార్లు గుంటలో పడింది.

శనివారం పొద్దున్నే యజమాని ఏసుపాదం వాడి వీపు నిమిరి, "రేపు ఊళ్ళో ముసలమ్మల్ని ఆరాధనకు క్షేమంగా చేర్చావా, సరే. లేదంటే సోమవారం నిన్ను సంతకు తోలక తప్పదురా" అన్నాడు. పుల్లడు గడ్డి నమలడం మరిచిపోయాడు. సంతకు పోయిన కోడె ఏదీ తిరిగి రాలేదు మరి.

ఆయన అటు వెళ్ళగానే బండి పక్కనున్న గడ్డికుప్ప ఎక్కి నక్క కూర్చుంది. దాని కళ్ళన్నీ కోళ్ళగూటి మీదే. కోడె తప్పిపోతే ఇంటిల్లిపాదీ వెతుక్కుంటూ పోతారు, కోళ్ళన్నీ తనవే.

"పుల్లా, నీ అందమేంటి, నీకీ బాధేంటి! మందిరం కిటికీ కింద ఎన్ని ప్రసంగాలు విన్నాననుకున్నావు? నా శిష్యుడివైపో. సాయంత్రం కట్టేశాక తాడు తెంపుకుని వాగు దగ్గరికి రా, అన్నీ చెబుతా. ఈ ముసలాడు నీకేం నేర్పాడు? తన బరువు నీ మెడకెత్తాడు, అంతే!"

ఆ మాటల తీపికి పుల్లడు కరిగిపోయి మైలన్న వైపు తిరిగాడు. "నిజమేనా మామా? నాకు ఒక్క ముక్కైనా నేర్పావా?"

మైలన్న నెమరు ఆపాడు. "మాటలు నాకు రావురా అల్లుడూ. నీ వయసులో నేను బండిని ఏకంగా కాలవలోకే దించాను. పాస్టరుగారి బైబిలు తడిసిపోయింది. సిగ్గుతో మూడు రోజులు మేత ముట్టలేదు."

"నువ్వా!"

"నేనే. అప్పుడు కాడికి నా పక్కన కర్రెన్న అనే ముసలెద్దు ఉండేవాడు. ఆ కాడి చూడు. బండి నొగకు దాన్ని నడిమధ్యన కట్టారా?"

పుల్లడు చూశాడు. కట్టు మైలన్న మెడ పెట్టే వైపుకి జరిగి ఉంది.

"కట్టు ఎవరికి దగ్గరైతే వాళ్ళకి బరువెక్కువ. నాకోసం కర్రెన్న మోశాడు, నీకోసం నేను మోస్తున్నా. ఏసుపాదం పాడతాడే, మన భారం మోసిన ప్రభువని. మాకందరికీ మొదట నేర్పింది ఆయనేరా."

పుల్లడి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ తను ఎందుకంత తేలిగ్గా నడిచాడో ఇప్పుడు తెలిసింది. ఊతకర్ర మీద నిలిపిన బండి దగ్గరికెళ్ళి కాడి కింద మెడ పెట్టి, నక్క వైపు తిరిగాడు.

"గురువుగారూ, మీకే శిష్యుణ్ణవుతా. ఆ పక్కన మీరూ మెడ పెట్టండి. కలిసి నాలుగడుగులేద్దాం."

"ఛీ, మోయడం నా పనా? నేను చెబుతా, నువ్వు మోయి."

"నక్కగారికి చేతకాదటే!" అని గూట్లో కోళ్ళు గొల్లుమన్నాయి.

నక్కకు పౌరుషం పొడుచుకొచ్చింది. కుప్ప మీంచే కాడికి రెండో వైపు వేలాడే మెడతాడులో తల దూర్చింది. పుల్లడు ఒక్కడుగు ముందుకేశాడు. కుప్ప వెనకే ఉండిపోయింది. నక్క నాలుగు కాళ్ళూ గాల్లో గిలగిల!

"చచ్చాన్రా నాయనా, దించు!"

"మొదటి పాఠమే కదా గురువుగారూ, అప్పుడే సెలవా?"

ఏసుపాదం కర్రతో పరిగెత్తుకొచ్చేసరికి నక్క మెలికలు తిరిగి కిందపడి, కుంటుకుంటూ కొండెక్కింది.

మర్నాడు పుల్లడు మైలన్న అడుగులో అడుగేశాడు. బండి మందిరం గుమ్మం ముందు మెత్తగా ఆగింది. ముసలమ్మలు దిగుతూ వాడి నుదురు ముద్దాడారు. ఏసుపాదం మళ్ళీ సంత మాటెత్తలేదు. నక్క మాత్రం వాచిన మెడతో, ఖాళీ కడుపుతో పైనుంచి చూస్తూ ఉండిపోయింది.

నీతి: పక్కన నడిచి బరువు పంచుకున్నవాడే శిష్యుణ్ణి నిలబెడతాడు.