దొర్కమ్మ జోడు బిస్కత్తులు

అనగనగా అంటున్నాను గానీ, ఎన్నేళ్ళ కిందటి మాటో మాత్రం అడక్కండి. ఉప్పుటేటి మీద వంతెన లేని రోజులు. రెండు ఒడ్లకీ కలిపి ఒక్కటే పడవ ఉన్న రోజులు. ఈ ఒడ్డున చవుడుపాలెం, ఆ ఒడ్డున మడులదిబ్బ. ఈ ఒడ్డువాళ్ళు చేపలు పట్టేవాళ్ళు. ఆ ఒడ్డువాళ్ళు ఉప్పు పండించేవాళ్ళు.

చవుడుపాలెంలో దొర్కమ్మ అని ఒకామె ఉండేది. ఆమెకి మొగుడు లేడు, పిల్లలు లేరు. కుదురు అసలే లేదు. కూచుంటే లేచేది. లేస్తే నడిచేది. నడిస్తే వెనక్కి తిరిగి చూసేది. గుళ్ళో ప్రార్థన సగంలో ఉండగా లేచి, వాకిలి దాకా వెళ్ళి, బయటికి చూసి వచ్చేది. "ఏం చూశావే?" అని అడిగితే, "ఏమో, ఎవరైనా పిలిచారేమోనని" అనేది. ఎవరూ పిలిచేవాళ్ళు కాదు.

ఆ ఊళ్ళో దొరగారి బంగళా ఒకటుండేది. అందులో దొర్కమ్మ అంట్లు తోమేది. వంట చేసేవాడు బర్నబాసు. ఏటా ఈస్టరు పండక్కి అతను బిస్కత్తులు చేసేవాడు. గోధుమపిండిలో వెన్న, బెల్లం కలిపి, శొంఠి, మిరియాలు, యాలకులు దంచి వేసేవాడు. ఆ వాసన ఊరంతా తిరిగేది. బిస్కత్తులు మాత్రం బంగళా గేటు దాటేవి కావు.

"బర్నబాసన్నా, ఒక్కసారి పిండి నేను కలుపుతాను" అని అడిగింది దొర్కమ్మ.

"నీది బూడిద చెయ్యి. పిండి జోలికి రాకు" అన్నాడు బర్నబాసు.

ఆమె మళ్ళీ అడగలేదు. అంట్లు తోముతూనే చూసింది. ఎంత పిండికి ఎంత వెన్నో చూసింది. ఏ రంగు వచ్చాక తీస్తాడో చూసింది. అలా పదేళ్ళు చూసింది.

తర్వాత దొరలు వెళ్ళిపోయారు. బంగళాకి తాళం పడింది. బర్నబాసు పని వెతుక్కుంటూ ఏరు దాటి, మడులదిబ్బలో ఉప్పు మోసే పనిలో చేరాడు. దొర్కమ్మ తన గుడిసె వెనక ఒక పెద్ద బాన పెట్టింది. అడుగున ఇసుక పోసింది. ఇసుక మీద పళ్ళెం పెట్టి, పైన మూకుడు మూసి, మూకుడు మీద నిప్పులు పోసింది. మొదటి వాయ మాడింది. రెండో వాయ పచ్చిగా ఉంది. మూడో వాయకి వాసన ఊరంతా తిరిగింది. ఆ ఏడు నుంచి ఈస్టరు వచ్చిందంటే చవుడుపాలెం పిల్లలందరి చేతుల్లో బిస్కత్తులే.

ఇలా జరుగుతుండగా ఒక ఏడు, ఎండలు ముదరకముందే, మడులదిబ్బలో జ్వరం పుట్టింది. మాయదారి జ్వరం. పొద్దున ఉప్పు మోసినవాడు సాయంత్రానికి మంచం పట్టేవాడు. చవుడుపాలెం పెద్ద ఎలీషా ఊరందరినీ పిలిచాడు.

"నా చిన్నప్పుడు ఇలాంటి జ్వరమే ఈ ఊళ్ళోకి వచ్చింది. పాడె మోసేవాళ్ళు కూడా మిగల్లేదు. ఇక ఆ ఒడ్డుకి ఎవరూ వెళ్ళకూడదు, ఆ ఒడ్డు నుంచి ఎవరూ రాకూడదు" అన్నాడు. పడవని ఈ ఒడ్డుకి లాగి, గొలుసు వేసి కట్టించాడు.

ఎలీషా చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. భయపడ్డ ఊరికి పెద్ద.

ఆ రోజు నుంచి దొర్కమ్మకి అస్సలు కాలు నిలవలేదు. కూచుంటే లేచేది. లేస్తే నడిచేది. నడిచి నడిచి ఏటి ఒడ్డుకి చేరేది. మడులదిబ్బలో పన్నెండు గుడిసెలు. మొదటి రోజు పన్నెండు పొయ్యిల పొగ కనిపించింది. వారానికి ఏడు పొగలే. ఇంకో వారానికి మూడు.

పొరుగింటి లేయమ్మ ఆమెని చూసి, "ఎందుకు వదినా ఆ తిరుగుడు? ఆ ఒడ్డున నీ వాళ్ళెవరున్నారు?" అంది.

"ఎవరూ లేరే. ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఎవరూ లేకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియడం లేదు" అంది దొర్కమ్మ. "తొమ్మిది ఇళ్ళలో పొయ్యి వెలగడం లేదు. జ్వరం వదిలినా, లేచి గంజి కాచే ఓపిక ఎవరికుంటుంది? వండకుండా తినేదేదన్నా పంపాలి."

ఏటి మధ్యలో ఒక మట్టిదిబ్బ ఉంది. నీళ్ళు తగ్గినప్పుడు అది బయటపడుతుంది. అప్పుడు ఈ ఒడ్డు నుంచి మొలలోతు నీళ్ళలో అక్కడిదాకా నడిచి పోవచ్చు, ఆ ఒడ్డు నుంచైతే చీలమండల లోతే. దొర్కమ్మ ఆలోచించింది. దిబ్బ దాకా వెళ్తే ఆ ఒడ్డుకి వెళ్ళినట్టు కాదు. ఎలీషా మాట దాటినట్టూ కాదు.

ఈస్టరుకి వారం ముందు, మట్టల ఆదివారం నాడు ఊరంతా మట్టలు పట్టుకుని గుడికి పోతుంటే, దొర్కమ్మ బిస్కత్తుల బుట్ట నెత్తిన పెట్టుకుని ఏట్లోకి దిగింది. అడుగున బురద. అడుగడుక్కీ కాలు దిగబడుతుంది. బుట్ట అదురుతుంది. దిబ్బ మీద దింపి చూస్తే ఏముంది! బిస్కత్తులన్నీ పొడి. "అయ్యో" అనుకుని, ఆ పొడే వదిలేసి, ఆ ఒడ్డుకి వినపడేలా మూడు కేకలు వేసి, వెనక్కి వచ్చింది.

వచ్చిందే గానీ, ప్రాణం నిలవదే! ఎవరన్నా తీసుకున్నారా? పొడి అని పారబోశారా? కూచుంటే లేచింది. లేస్తే నడిచింది. మర్నాడు దిబ్బ మీద ఖాళీ బుట్ట కనిపించింది.

గురువారం రెండోసారి వెళ్ళింది. ఈసారి పొడి కాకుండా మందంగా చేసింది, మెల్లిగా నడిచింది. మెల్లిగా నడిచేసరికి నీళ్ళు పెరిగాయి. అల కొట్టి బుట్ట తడిసింది. తడిసిన బిస్కత్తులు పిండిముద్దలయ్యాయి. వాటిని దిబ్బ మీద పెట్టి, పాత ఖాళీ బుట్ట తీసుకుని ఆమె తిరిగి ఈ ఒడ్డు ఎక్కేలోపే సముద్రపు కాకులు గుంపుగా దిగాయి. దొర్కమ్మ ఒడ్డున నిలబడి, చేతులూపి, అరిచి, మట్టిబెడ్డలు విసిరింది. కాకులు లెక్కచెయ్యలేదు. ఆ రోజు మడులదిబ్బలో ఒక్కటే పొగ.

శుక్రవారం ఊరంతా ఉపవాసం. గుళ్ళో దుఃఖపు పాటలు. దొర్కమ్మ గుడికి పోలేదు. గుడిసె వెనక బాన చుట్టూ తిరిగింది. తిరుగుతూ ఆలోచించింది. ఒంటి బిస్కత్తు విరుగుతుంది. మందంగా చేస్తే లోపల పచ్చిగా ఉండి నీళ్ళు పీలుస్తుంది. పల్చగా చెయ్యాలి, గట్టిగా ఉండాలి. ఎలా?

శనివారం బెల్లం ముదురుపాకం పట్టింది. వేయించిన నువ్వుల పొడి, శొంఠి, మిరియాలు పాకంలో కలిపింది. పల్చగా కాల్చిన బిస్కత్తు ఒకటి తీసుకుని, దాని మీద పాకం రాసి, పైన ఇంకోటి పెట్టి నొక్కింది. చల్లారాక నేల మీద పడేసింది. విరగలేదు. రెండోసారి పడేసింది. విరగలేదు. మూడోసారి నెత్తి మీది నుంచి పడేసింది. అంచు చిట్లింది గానీ జోడు ఊడలేదు. "హమ్మయ్య" అంది. ఇంట్లో ఉన్న పిండంతా, వెన్నంతా, బెల్లమంతా అయిపోయేదాకా చేసింది. తాటాకుల్లో చుట్టి, పైన మైనం గుడ్డ కట్టింది.

ఈస్టరు నాడు పొద్దున్నే ఆరాధన అయింది. జనం కొత్తబట్టలతో గుడి బయటికి వస్తున్నారు. దొర్కమ్మ బుట్టతో ఏటి వైపు పోతోంది. ఎలీషా అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"రెండుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను దొర్కమ్మా. ఇక చాలు."

"దిబ్బ దాకానే పెద్దయ్యా."

"వాళ్ళు ముట్టుకున్న బుట్ట నువ్వు మళ్ళీ ముట్టుకున్నావు. నా ఊళ్ళో నూరుమంది పిల్లలున్నారు. వాళ్ళకేమన్నా అయితే నువ్వు జవాబు చెప్తావా?"

దొర్కమ్మ బుట్ట గట్టిగా పట్టుకుంది. ఆయన మాటలో తప్పేముంది? చుట్టూ కొత్తబట్టల్లో పిల్లలు. ప్రతివాడూ ఆమె చేతి బిస్కత్తు తిని పెరిగినవాడే. కాలు ముందుకి పడదు, వెనక్కీ పడదు. ఏటి వైపు చూసింది. ఆ ఒక్క పొగ కూడా లేదు.

"వెళ్తాను" అంది.

"వెళ్తే మళ్ళీ ఈ ఒడ్డు ఎక్కకూడదు" అన్నాడు ఎలీషా. అనేసి, దారి వదిలి పక్కకి జరిగాడు.

"ఎక్కను పెద్దయ్యా" అని ఏట్లోకి దిగింది దొర్కమ్మ. వెనక్కి చూడటం అలవాటైన మనిషి, ఆ రోజు చూడలేదు. దిబ్బ దగ్గర ఆగలేదు. నేరుగా ఆ ఒడ్డు ఎక్కింది.

మొదటి గుడిసె ముందు బర్నబాసు గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఎముకల గూడులా ఉన్నాడు.

"వచ్చావా దొర్కా?" అన్నాడు. "మొదటి బుట్ట పొడి నేనే తెచ్చాను. గంజిలో కలిపి పసివాళ్ళకి పోశాను. మూడురోజులు అదే తిండి. రెండో బుట్ట కోసం పాకుతూ వచ్చాను గానీ, కాకులు ముందొచ్చాయి."

దొర్కమ్మ మూట విప్పి జోడు బిస్కత్తు అతని చేతిలో పెట్టింది. అతను కొరికాడు, చాలాసేపు నమిలాడు.

"మిరియం ఎక్కువైంది" అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. "ఇంకోటి పెట్టు."

ఆమె పన్నెండు గుడిసెలూ తిరిగింది. నమలగలిగిన వాళ్ళకి చేతిలో పెట్టింది. నమలలేని వాళ్ళకి వేణ్ణీళ్ళలో నానబెట్టి పోసింది. రెండు గుడిసెల్లో తినేవాళ్ళే లేరు. ఆ తలుపులు తనే మూసింది. తర్వాత పొయ్యిలు వెలిగించింది. ఒక గుడిసెలో గంజి, ఒక గుడిసెలో నీళ్ళు, ఒక గుడిసెలో కషాయం. ఒక మంచం దగ్గర కూచుంటే ఇంకో మంచం పిలిచేది. ఇంతకాలం ఎవరూ పిలవకుండానే లేచిన మనిషికి, ఇప్పుడు పది ఇళ్ళ నుంచి ఒకేసారి పిలుపు.

ఈ ఒడ్డున లేయమ్మ నీళ్ళకి వచ్చి చూసింది. ఒక పొగ. మర్నాడు చూసింది. మూడు పొగలు. ఇంటికి పోయి కూచుంది. కూచోలేకపోయింది. గోధుమపిండి, బెల్లం మూటకట్టి, దిబ్బ మీద పెట్టి, మూడు కేకలు వేసి వచ్చింది. రెండో రోజు ఇంకో ఇంటివాళ్ళు బియ్యం పెట్టారు. మూడో రోజు ఎవరో కోడిపెట్టనే కట్టేసి వచ్చారు. ఎలీషా చూశాడు. ఎవరినీ ఆపలేదు. అతనూ రోజూ ఒడ్డుకి వచ్చి పొగలు లెక్కపెట్టేవాడు.

ఈస్టరు అయిన నలభై రోజులకి ఆరోహణ పండగ వచ్చింది. ఆ రోజుకి పది పొగలు. ఎలీషా తన చేత్తోనే గొలుసు విప్పి, తనే పడవ నడుపుకుంటూ మడులదిబ్బ ఒడ్డుకి వెళ్ళాడు. భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దొర్కమ్మా, రావద్దన్నది నేనే. రమ్మంటున్నదీ నేనే. ఊరికి రా తల్లీ."

దొర్కమ్మ చిక్కి సగమైంది. ఆమెకీ జ్వరం వచ్చి పోయింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "వస్తాను పెద్దయ్యా. రేపు మళ్ళీ ఇక్కడికి రావాలి. ఎల్లుండి అటొస్తాను" అంది.

అలాగే బతికింది. ఇరవై ఏళ్ళో, ముప్పై ఏళ్ళో. ఒకనాడు ఈ ఒడ్డున, ఒకనాడు ఆ ఒడ్డున. ప్రతి ఈస్టరుకీ జోడు బిస్కత్తులే. ఒక మట్టల ఆదివారం మధ్యాహ్నం బుట్ట ఒళ్ళో పెట్టుకుని పడవ ఎక్కింది. ఏటి మధ్యకి వచ్చేసరికి పడవవాడు ఏదో అడిగితే పలకలేదు. అంతే, పోయింది.

"మా మనిషి, మా ఊళ్ళో పుట్టింది" అని ఈ ఒడ్డువాళ్ళన్నారు. "మా ప్రాణాలు నిలిపింది, మాకే కావాలి" అని ఆ ఒడ్డువాళ్ళన్నారు. పడవ రెండు ఒడ్ల మధ్య ఆగిపోయింది. ఎలీషా అప్పటికి పండుముసలి. కర్ర పట్టుకుని నీళ్ళలోకి దిగాడు.

"రావద్దని మనమే చెప్పిన మనిషి. అడిగే నోరు మనకి లేదు. అటే పోనివ్వండి" అన్నాడు.

మడులదిబ్బలోనే ఆమెని మట్టిలో పెట్టారు.

ఇప్పటికీ ఆ ఏటి పక్క ఊళ్ళలో ఈస్టరుకి జోడు బిస్కత్తులు చేస్తారు. ఏ ఇంట్లో చేసినవి ఆ ఇంట్లో తినరు. ఈ ఒడ్డువి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డువి ఈ ఒడ్డుకి పోవాల్సిందే. అవి వచ్చాక కూడా, మొదటి బిస్కత్తు ఎవరూ కూచుని తినరు. ముసలివాళ్ళు సైతం గోడ పట్టుకుని లేస్తారు. నిలబడి, వాకిట్లోకి వచ్చి, అవతలి ఒడ్డున అన్ని ఇళ్ళ మీదా పొగ ఉందో లేదో చూస్తారు. ఉంటేనే నోట్లో పెట్టుకుంటారు.