చింతచెట్టు తీపి ఎటు పోయింది

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త సుంకులమ్మ. చింతకాయలు కొట్టి గింజ తీయడంలో ఆమె చేతికి ఎదురు లేదు. గింజకు కండ అంటుకుని పోతే ఊరుకునేది కాదు. కథలో మాట జారినా ఊరుకునేది కాదు. ఆమె చెప్పినట్టే చెబుతున్నా, నా సొంతం ఏదీ కలపలేదు. పిల్లలూ, మధ్యలో అడ్డం రావద్దు.

ఒకప్పుడు చింతపండు తియ్యగా ఉండేది. బెల్లం కంటే తీపి. ఎండనపడి వచ్చినవాళ్ళు గుప్పెడు పండు నీళ్ళలో పిసికి, ఆ రసం గటగటా తాగి, మూతి తుడుచుకుని పోయేవాళ్ళు.

మామిడేమో పుల్లగా ఉండేది. పచ్చిదీ పులుపే, మాగిందీ పులుపే. చిలుకలు ఆ కొమ్మ మీద వాలేవి కూడా కాదు. లోకంలో ఉన్న పులుపంతా మామిడి దగ్గరే ఉండేది.

అప్పట్లో చెట్లకు ఏడాది పొడుగునా కాపు ఉండేది. మాటలూ ఉండేవి.

ఒక గుట్ట కింద ఓబులేసు అని గొర్రెలు కాసే మనిషి ఉండేవాడు. అతని పెండ్లాం కదిరక్క. వాళ్ళ గుడిసె ముందరే చింతచెట్టు. మామిడిచెట్టు గుట్టకు ఆ పక్కన ఉంది, నీళ్ళు పారే వంక దాటి పోవాలి.

కదిరక్క కడుపుతో ఉంది. వేవిళ్ళు పట్టుకున్నాయి. సంగటి పెడితే కక్కింది. పాలు ఇస్తే కక్కింది. చింతరసం ఇస్తే ఆ తీపి వాసనకే బయటికి పరుగెత్తింది. మనిషి పుల్లలాగా అయిపోయింది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఇట్లాగే ఉంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదని మంత్రసాని చెప్పి పోయింది.

గొర్రెకు జబ్బు చేస్తే ఏ ఆకు పసరు పోయాలో ఓబులేసుకు తెలుసు. పెండ్లానికి ఏం పోయాలో తెలియదు. చింతచెట్టు మొదట్లో కూర్చుని తల పట్టుకున్నాడు.

చింతచెట్టుకు జాలేసింది. "ఒరే ఓబులేసూ, దాని నోటికి ఏం కావాలంటోందిరా?" అని అడిగింది.

"పుల్లంగా ఏమన్నా తెమ్మంటోందమ్మా."

అయితే మామిడి దగ్గరికి పొమ్మంది చింత. తన పేరు చెప్పమంది.

ఓబులేసు వంక దాటి పోయి అడిగాడు. మామిడి బడాయిదే గానీ, ఆ రోజు మంచిగానే ఉంది. కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగితే లేదనకూడదు కదా. రోజూ వంక దాటి రావడం కష్టమని, తన పులుపంతా పిండి ఒక ముంతలో పోసింది. ముంత కూడా మామిడిదే. కదిరక్క తేరుకోగానే ముంత తెచ్చి ఇమ్మంది.

ఇంటికి వచ్చేసరికి ముంతలో పులుపు బుసబుసా పొంగుతోంది. ముంతను పగలగొట్టేలా ఉంది. ప్రాణం ఉన్న దాంట్లో ఉండాల్సిన పులుపు మట్టి ముంతలో ఎట్లా ఉంటుంది? అది చూసి చింత తన వేరు దగ్గర పోయమంది. దాన్ని తను దాచిపెడుతుందట. కావాల్సినప్పుడల్లా ఒక కాయ కోసుకుని పిసుక్కోమంది. ఓబులేసు పోశాడు.

కదిరక్క చింతపండు నానబెట్టింది. పిసికి పిప్పి తీసేసింది. ఆ రసంలో ఇంత ఉప్పు, దంచిన మిరియాలు వేసింది. ఒక గుక్క తాగి గోడకు ఆనుకుని కూర్చుంది. పులుపు ఘాటుకు తీపి వాసన అణిగిపోయింది, వాంతి రాలేదు. ఇంకో గుక్క తాగింది. మిగిలిన పులుసు సంగటి మీద పోసుకుని తింది. గిన్నె నాకేసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. తప్పు జరిగింది ఇక్కడే, సరిగ్గా వినండి.

ఇరుగింటి గిన్నె మన ఇంటికి వస్తే ఖాళీగా తిరిగి పంపకూడదు. రెండు వంకాయలో, ఇంత బెల్లమో, ఏదో ఒకటి పెట్టి పంపాలి. ఇప్పటివాళ్ళు గిన్నె కడిగి బోర్లించి ఇస్తున్నారు. ఎవరెవరు అట్లా ఇచ్చారో నాకు గుర్తుంది, అది వేరే సంగతి.

ఓబులేసు ఆ ముంతను ఖాళీగానే చంకలో పెట్టుకుని బయలుదేరాడు. చింతచెట్టు కొమ్మ అడ్డం పెట్టి ఆపింది. ఖాళీ ముంత పంపితే మామిడి ముందు తన పరువు ఏం కావాలని అడిగింది. ఓబులేసు ముంత అక్కడే దించి ఇంట్లో వెతకబోయాడు, పెట్టడానికి ఏమీ లేదని చింతకు తెలుసు. సరేనని, అతను బయటికి వచ్చేలోగా తన తీపే కొంచెం ముంతలో పోసింది. అడుగున పడిన ఆ కాస్తా చూస్తే దానికే పిసినారితనంగా అనిపించింది. ఇంకొంచెం పోసింది. సగం ముంత మరీ చిన్నతనం. అట్లా పోసి పోసి అంచు దాకా నింపింది. లోకంలోని పులుపంతా పట్టిన ముంత కదా, చింత తీపంతా పట్టేసింది.

ఓబులేసు ఆ ముంతను కడగను కూడా కడగలేదు. అడుగున పులుపు చుక్కలు అట్లాగే ఉన్నాయి. చింత మూత పెట్టి ఉంచిన ముంతను అట్లాగే తీసుకుపోయి ఇచ్చాడు. మిగిలిన తన పులుపే ముంతలో తిరిగి వచ్చిందనుకుని, మామిడి మూత తీసి చూడకుండా వేరు దగ్గర ఒంపుకుంది.

ఇక చూడండి తికమక.

అలవాటు ప్రకారం చిలుక వచ్చి చింతపండు కొరికింది. ఒక కన్ను మూసుకుపోయింది. వేరే చెట్టు మీద వాలానేమో అనుకుని గుట్ట చుట్టూ తిరిగి మళ్ళీ అదే కొమ్మ మీద వాలింది. మళ్ళీ కొరికింది. ఈసారి రెండు కళ్ళూ మూసుకుపోయాయి. చీమలు బారులు కట్టి చింతచెట్టు ఎక్కాయి, బారులు కట్టి దిగిపోయాయి. పైనున్నవి ఎందుకు దిగుతున్నాయో కిందివాటికి తెలియదు.

చింతకేమో తనకు ఏదో జబ్బు చేసిందని భయం. తీపి పోయేసరికి పండు లోపల కండ చిక్కిపోయి, ముసలోడి ఒంటి మీద చొక్కా మాదిరి పెంకు వదులైపోయింది.

అక్కడ మామిడికి ఇంకో భయం. ఎన్నడూ రాని చీమలు వస్తున్నాయి, ఉడతలు వస్తున్నాయి, ఒంటి నుంచి ఏదో కొత్త వాసన. తను కుళ్ళిపోతున్నాననే అనుకుంది. ఓబులేసును పిలిపించి, నాకేం పోశావురా అని నిలదీసింది. నువ్వు ఇచ్చిన ముంతే తెచ్చానన్నాడు అతను. ముంత సరే, అందులో ఉన్నది ఎవరిదంది. మూత తీసి చూడలేదన్నాడు.

పంచాయతీకి కాకిని పిలిచారు. కాకి రెండు చెట్ల పండ్లూ తిన్నది. నిజం తేలాలని మళ్ళీ తిన్నది. ముక్కు తుడుచుకుని తీర్పు చెప్పింది.

"మామిడి ఉన్నచోట చింత ఉంది, చింత ఉన్నచోట మామిడి ఉంది. మీరిద్దరూ చోట్లు మారండి, సరిపోతుంది."

మేమున్న చోటనే ఉన్నాం కదా అని చెట్లు అన్నాయి. అయితే పండ్లు నడిచి ఉంటాయంది కాకి. ఉడత నవ్వింది. ఎందుకు నవ్వావంటే దానికీ తెలియదు.

చివరికి చింతకే తట్టింది, ముంత నిండా తాను పోసింది ఏమిటో. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అయితే నీది నువ్వు తీసుకో, నాది నాకు ఇచ్చేయమంది మామిడి. అందులో తప్పు లేదు. ఓబులేసు ముంత పట్టుకుని వచ్చి చింత వేరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

కదిరక్క సంగటి ముద్ద, పులుసు గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. ఏందది అని అడిగింది. ఓబులేసు తల వంచుకుని చెప్పాడు.

ఆమె గిన్నె కింద పెట్టింది. "తీసుకోండమ్మా, ఎవరి సొత్తు వాళ్ళది. రేపటి నుంచి నేనేం తినాలో అది కూడా చెప్పి తీసుకోండి. నిన్ననే లోపల బిడ్డ కదిలింది."

చింతచెట్టుకు చిలుకలు గుర్తొచ్చాయి. ఎండలో వచ్చి తన రసం తాగిపోయేవాళ్ళు గుర్తొచ్చారు. ఇక ఎవరూ రారని తెలుసు. కింద చూస్తే ఆ గిన్నె ఉంది.

"ముంత తీసెయ్‌రా ఓబులేసూ," అంది. "నా తీపి మామిడినే ఉంచుకోమని చెప్పు. పులుపు నేను ఉంచుకుంటా. ఒక్కటే మాట. దాని పండు తిని ఎవరు మెచ్చుకున్నా, ఈ తీపి చింతదని చెప్పాలి."

మామిడి సరేనంది. ఓబులేసు సాక్షి.

కదిరక్క రోజూ చింతపులుసుతో కడుపు నిండా తింది. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఏడుపు వంక అవతలికి కూడా వినబడిందట.

అప్పటినుంచే చింతపండు పుల్లగా ఉంటుంది, పండగానే లోపల చిక్కిపోయి పెంకును వదిలేస్తుంది. అప్పటినుంచే మామిడి పచ్చిగా ఉన్నప్పుడు పులుపు, పండితే తీపి. కడగని ముంత అడుగున ఉన్న చుక్కలే ఆ పులుపు. అప్పటినుంచే కడుపుతో ఉన్న ఆడవాళ్ళ చెయ్యి చింతపండు మీదికి పోతుంది.

మామిడి మాత్రం ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు. జనం పండు తిని ఆహా అంటే, ఆకులు ఊపుకుంటూ వింటుందే గానీ నోరు విప్పదు. మా ఊళ్ళో మద్దిలేటి అని ఒకడు, తోట ఉంది కాబట్టి, మామిడి పుట్టుకతోనే తీపనీ, దాన్ని చూసి ఓర్వలేక చింత పులిసిపోయిందనీ పిల్లలకు చెబుతున్నాడు. నేను అతని గడప తొక్కడం మానేసి చాలా కాలమైంది, కాబట్టి ఎదురుగా పోయి చెప్పలేను. నా రాత కూడా అంతంత మాత్రమే. చదువు బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఈ సంగతి సరిదిద్దండి. ఎక్కువేం అడగడం లేదు. పిల్లలకు మామిడిపండు కోసి పెట్టేటప్పుడు, ఈ తీపి చింతదని ఒక్క మాట చెప్పి పెట్టండి.