ఆ మాట ఎవరిది?

ప్లీడరు సూర్యప్రభావతి గారి దగ్గర జూనియరుగా చేరినవాళ్లకు ఒక కష్టం తప్పదు. వాదనలో ఏ తీర్పును ఉదహరించినా, ఆవిడ సంతకం పెట్టే ముందు అది ఉన్న పుస్తకం తెచ్చి, ఆ భాగాన్ని క్లయింటుకు తెలుగులో చెప్పి వినిపించాలి. ముప్ఫయ్యేళ్లుగా ఆ ఆఫీసులో ఇదే పద్ధతి.

చేరిన మూడో నెలలో ఫణీంద్ర ఉండబట్టలేక అడిగేశాడు. "కేసు పేరు, సంవత్సరం రాస్తే జడ్జిగారికి చాలదా మేడమ్? పేజీ, పేరా దాకా ఎందుకు? పైగా చదువురాని మనిషికి తీర్పు వినిపించి ఏం లాభం?"

ఆవిడ ఎదురుగా బెంచీ మీదున్న అప్పలనరసమ్మను చూపించి, "ఈవిడ కేసులో నువ్వు రాసింది వినిపించు," అన్నారు.

అప్పలనరసమ్మ బజారు వీధిలో ఒక అద్దె గదిలో పంతొమ్మిదేళ్లుగా బట్టలు కుడుతోంది. కొడుక్కి గది కావాలంటూ యజమాని ఆమె మీద కోర్టుకెక్కాడు. మర్నాడే వాదన. ఆ గది పోతే ఆమె బతుకుతెరువు పోయినట్టే.

ఫణీంద్ర ధీమాగా తీర్పుల పుస్తకం తెరిచాడు. "పదేళ్లు దాటి వ్యాపారం చేసుకుంటున్న గదిని ఏ కారణం మీదా ఖాళీ చేయించరాదు." అప్పలనరసమ్మ ముఖం విప్పారింది. అతనికీ గర్వంగానే ఉంది. నిజానికి ఆ వాక్యాన్ని అతను ఒక పాత పిటిషన్‌లోంచి దించాడు. మన ప్లీడర్లకు అదొక ఆచారం. ఎప్పుడో ఒకాయన రాస్తాడు, మిగతావాళ్లు వరసగా దించుకుంటూ పోతారు. అసలు పుస్తకం మాత్రం బీరువాలో కొత్త పెళ్లికొడుకులా మెరుస్తూ ఉంటుంది.

"పైన రెండు వాక్యాలు కూడా చదువు," అన్నారావిడ.

చదివాడు. అద్దెదారు తరఫు న్యాయవాది ఇలా వాదించారు, అని ఉంది అక్కడ. అంటే ఆ మాట న్యాయమూర్తిది కాదు.

అప్పలనరసమ్మ పుస్తకం వైపు చూసింది. "ఆ ప్లీడరు గారు గెలిచారా బాబూ?"

అతను గబగబా చివరి పేజీ తిప్పాడు. "లేదమ్మా. ఓడిపోయారు."

"మరి ఓడిపోయినాయన మాట పట్టుకుని నా గది ఎలాగ నిలబెడతావు?"

ఫణీంద్ర సిగ్గుతో చెవులు మండిపోతుంటే లోపలి గదికి వెళ్లి, ఆ తీర్పూ ఇంకో పది తీర్పులూ మొదటినుంచి చివరిదాకా చదివాడు. మూడు గంటల తర్వాత ఇంకో పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఈసారి దొరికింది చిన్న మాటే. అవసరమని యజమాని చెబితే చాలదు, రుజువు చూపాలి. ఆ మాట అన్నది న్యాయమూర్తే. అద్దె చట్టం మీద అన్నదే. ఆ తర్వాత ఏ పెద్ద కోర్టూ దాన్ని కొట్టెయ్యలేదని కూడా చూసుకున్నాడు.

ఇరుపక్షాల పేర్లు, కోర్టు, సంవత్సరం, సంపుటం, పేజీ, పేరా, చట్టంలోని సెక్షనూ సబ్‌సెక్షనూ అన్నీ రాసి, అప్పలనరసమ్మకు వినిపించాడు.

"కొడుక్కి ఇప్పటికే రెండు షాపులున్నాయి కదా బాబూ, ఇంక రుజువేటి చూపిస్తాడు?" అందామె.

సూర్యప్రభావతి గారు పెన్ను తీసి సంతకం పెట్టారు.

"రేపు అవతలి ప్లీడరు ఈ పేజీ తెరుస్తాడు మేడమ్," అన్నాడు ఫణీంద్ర, ఇంకా కొంచెం బెదురుతూనే.

"తెరవనీ," అన్నారావిడ.