సముద్రం మీద నడిచిన పురుగు

జోగారావు మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా జవాబు చెప్పకుండా చేతికి పని ఇచ్చేవారు.

భీమిలిలో ఆయన పాత కాగితాలు బాగుచేసే విద్య నేర్పేవారు. పదేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్న శిష్యుడు బంగారయ్యకి యాభై దాటాయి. భార్య అప్పలనర్సు పోయి ఎనిమిది నెలలైంది. పిల్లలు లేరు. ఇంటికి వెళితే చప్పుడు చేసేది గోడగడియారం ఒక్కటే. ఒక శుక్రవారం పొద్దున్నే వచ్చి అడిగాడు:

“మాస్టారూ, పోయిన మనిషి గుర్తులు ఉంచుకోవాలా, చెరిపెయ్యాలా? శుక్రవారం శుక్రవారం మా ఆవిడ గుమ్మానికి పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టేదండి. అవి వెలిసిపోయి, తలుపు తీసినప్పుడల్లా నన్నే చూస్తున్నాయి. మధ్యాహ్నం రంగులవాణ్ణి రమ్మన్నాను. గుమ్మానికి ఆకుపచ్చ వేయించేస్తాను.”

మాస్టారు బీరువాలోంచి ఒక సముద్రపటం తీసి బల్లమీద పరిచి, చిరుగులు అతకమన్నారు. డచ్చివాళ్ళు లవంగాల కోసం, జాజికాయల కోసం తూర్పు దీవులకి ఓడలు నడిపిన కాలంనాటి పటం అది. భీమిలికి డచ్చివాళ్ళు కొత్తేం కాదు. మనవైపు నేతగుడ్డలు పట్టుకెళ్ళి అక్కడ లవంగాలకి మార్చుకున్నవాళ్ళే. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నాయి; మేకలు వాటిమీదెక్కి ఎండ కాచుకుంటాయి. ఆ సంగతలా ఉంచండి.

బంగారయ్య మైదా జిగురు కలిపాడు. చిరుగులు అతికాక, పల్చటి కాగితంతో మూడు చిల్లులు కూడా పూడ్చాడు.

“పురుగు బాగా కొట్టేసిందండి.”

“అలాగా? నేలని ముట్టకుండా, సముద్రం మీదే వరసగా నడిచిందిటోయ్ నీ పురుగు?”

బంగారయ్య తెల్లబోయి పటాన్ని కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. జావా నుంచి తూర్పుకి చుక్కలు చుక్కలుగా వెలుగు. ఓడ నడిపేవాడు రోజూ మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి చూసి, ఆ పూట ఓడ ఉన్నచోట పటంమీద ముల్లు గుచ్చేవాడని మాస్టారు చెప్పారు. సగం దూరం దాకా చిల్లులు పెద్దవి, నిటారుగా ఉన్నాయి. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేని ఒక చోట నుంచి, అవి చిన్నవై, పక్కకి ఒరిగాయి.

“ఇక్కడ చెయ్యి మారిందండి,” అన్నాడు బంగారయ్య మెల్లిగా. “మొదటాయన ఏమయ్యాడు మాస్టారూ?”

“పటంలో రాయలేదు. ఓడ మాత్రం లవంగాల దీవి చేరింది.”

బంగారయ్య పటాన్ని మళ్ళీ బల్లమీద పరిచాడు. తర్వాత కుంచె నీళ్ళలో ముంచి, తాను పూడ్చిన మూడు చిల్లుల్నీ తడిపి తడిపి, ఓపిగ్గా మళ్ళీ తెరిచాడు. పన్నెండు కావస్తోంది. గబగబా చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

“రంగులవాడు వచ్చేస్తాడండి. వద్దని చెప్పాలి.”

మాస్టారు పటంమీద తడి అద్దుతూ, తలెత్తకుండా అన్నారు:

“వెళ్ళు, వెళ్ళు. ఇవాళ శుక్రవారం కదూ, ఇంట్లో పసుపుందా?”